పందిట్లో పోసిన ఇసక

మన ఊరి మలుపు తిరిగి కొబ్బరితోట దగ్గరికి రాగానే కారు ఒక్కసారి పైకి లేచి దబ్బున పడేది, గుర్తుందా? మీరిద్దరూ పుణె నుంచి వస్తూ దానికోసమే ఎదురుచూసేవాళ్లు. తమ్ముడు ముందు సీటు గట్టిగా పట్టుకుని "వచ్చేస్తోంది, వచ్చేస్తోంది" అనేవాడు. పడ్డాక ఇద్దరూ ఒకటే నవ్వు. ఒకసారి వాడు ఏడిస్తే మీ నాన్న కారు వెనక్కి తిప్పి మళ్లీ ఎగిరించాడు కూడా. "ఇక్కడ మాత్రమే ఎందుకిలా ఉంది అమ్మమ్మా?" అని నువ్వు అడిగావు. "బరువు లారీలు తిరుగుతాయి కదమ్మా" అన్నాను.

అది అబద్ధం. ఆ దారిలో సైకిళ్లు, ఆటోలు, కోతల రోజుల్లో ట్రాక్టర్లు తప్ప లారీ ఎప్పుడో గానీ రాదు.

వేసవికి ముందు నువ్వు ఫోన్‌లో కాలేజీ పాఠాల గురించి చెబుతూ, "మన రోడ్డు ఎందుకు కుంగిందో నాకు తెలిసిపోయింది అమ్మమ్మా. కింద పైపు వేసి, పైన ఇసక పొయ్యకుండా బంకమట్టి పోసేశారు. ఎవడో పనికిమాలిన మేస్త్రి" అన్నావు. నువ్వు చెప్పిన కారణం నూటికి నూరుపాళ్లు నిజం. చివరి మాట మాత్రం కాదు. జవాబు ఫోన్‌లో చెబుదామంటే నా గొంతు సంగతి నీకు తెలుసు, సగం మాటలు నీదాకా రావు. అందుకే రాస్తున్నాను. తమ్ముడికి తెలుగు చదవడం రాదు కాబట్టి నువ్వే చదివి వినిపించు. నన్ను కాపాడదామని మధ్యలో ఏదీ దాటెయ్యకు.

మన వరిచేను రోడ్డుకి పడమటి పక్క. కాలవ నుంచి నీళ్లు తెచ్చే బోదె తూర్పు పక్క. మా మామగారి కాలంలో రోడ్డు కింద ఇటుకలతో కట్టిన తూము ఉండేది, అందులోంచి నీళ్లు చేలోకి వచ్చేవి. రోడ్డు ఎత్తు చేసినప్పుడు అది లోపల కూలిపోయింది. ఆ తరవాత రెండు దాళ్వా పంటలకి పక్కవాళ్ల చేల మీదుగా, వాళ్లు తడుపుకున్నాక మిగిలిన నీళ్లే మనకి. పొట్టమీదున్న చేను ఎండి పసుపు రంగుకి తిరుగుతుంటే మీ తాతయ్య అన్నం సగంలో లేచిపోయేవారు. చివరికి ఆయన పంచాయతీలో అడిగి, రోడ్డు కోసి కింద సిమెంటు తూరలు వేసుకోవడానికి అనుమతి తెచ్చారు. తూరలంటే ఒకదాన్నొకటి ఆనించి పేర్చే పెద్ద గుండ్రటి గొట్టాలు. ఆ పని ఎండాకాలం కాలవలు కట్టేసిన వారాల్లోనే అవ్వాలి. మళ్లీ నీళ్లు వదిలారంటే ఇంకో ఏడాది ఆగాలి.

ఆ పనికి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒకే మేస్త్రి. సన్నటి మనిషి, చెవి మీద పెన్సిలు, భుజాన తువ్వాలు. ఆయనకో పద్ధతి ఉండేది. తూర వేసి, ఇసక పొర మీద పొర పోసి, నీళ్లు కొట్టి, దిమ్మిసతో గట్టిపరిచి, పైన కంకర, సిమెంటు వేశాక ఆ ఇంటివాళ్లని చెంబుతో నీళ్లు అడిగేవాడు. అంచుదాకా నింపిన చెంబుని తూరకి సరిగ్గా పైన, రోడ్డు వారన పెట్టి, పక్క నుంచి బరువు ట్రాక్టరు తోలించేవాడు. చుక్క తొణికితే కూలి తీసుకోనని పందెం. "తొణకదండి, ఆయ్. నా తూర మీద పిల్లని పడుకోబెట్టినా లేవదండి" అనేవాడు. ఆ చెంబు చూడ్డానికి జనం పనులు మానుకుని నిలబడేవారు. చుక్క తొణికిందని నేనెప్పుడూ వినలేదు.

పని మొదలయ్యే వారంలోనే మీ తాతయ్యకి రాజమండ్రిలో కంటి ఆపరేషన్ తేదీ పడింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఇసక ట్రాక్టరు దింపించాను. మేస్త్రి ఎలా చెబితే అలా. నువ్వు మధ్యలో వెళ్లకు" అన్నారు. నేను తలూపాను.

ఇప్పుడు నీ సంగతి. ఆ నెలలోనే మనింట్లో నీ ఓణీల ఫంక్షన్. నీకు పదకొండో ఏడు. మీ అమ్మ ఊళ్లోనే చెయ్యాలని పట్టుబట్టింది. వాకిట్లో తాటాకు పందిరి వేశారు. ఫంక్షన్ రెండు రోజులుందనగా గాలివాన కొట్టి వాకిలంతా బురద అయింది. మన నేల సంగతి తెలుసుగా, చెప్పు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతుంది. భీమవరం నుంచి మీ నాన్న వైపు వాళ్లు పట్టుచీరలతో వస్తారు. మా వాళ్లు మాట పడతారేమోనని నా ప్రాణానికి కుదురు లేదు. పందిట్లో ఇసక పొయ్యడం మన వైపు రివాజే. కానీ ఆ వారం రేవులో ఇసక తవ్వడం ఆపేశారు, ఎక్కడా దొరకలేదు. ఉన్న ఇసకల్లా మన గేటు పక్కన కుప్పగా ఉన్న తూర ఇసకే.

మేస్త్రి రోడ్డు మీద గొయ్యి తవ్విస్తున్నాడు. నేను పొరుగూరి పందిరివాళ్లని గంపలతో కుప్ప దగ్గరికి పంపడం చూసి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మగారూ, ఆ ఇసకలో చెయ్యి పెట్టకండి. అది తూరదండి."

"పందిట్లోకి కొంచెమే, బాబూ."

"కొంచెం అంటే ఎంతండి?"

నేను చేత్తో చూపించాను. చేత్తో చూపించింది ఒకటి, మధ్యాహ్నానికి పోయింది ఇంకొకటి. పందిరి చివర్ల దాకా తెల్లగా పరుచుకున్నాక, వంటల దగ్గర కూడా అన్నారు, పోశాం. చేతులు కడిగే చోట కూడా అన్నారు, పోశాం. కుప్పలో మూడోవంతు మిగిలింది. సాయంత్రం మేస్త్రి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"దీంతో తూరకి పక్క అవుద్దండి. దుప్పటి అవ్వదండి" అన్నాడు.

"తవ్విన మట్టి ఉంది కదా, పైన అదే పోసెయ్యి."

"ఈ మట్టి ఎండితే రాయండి, తడిస్తే పాయసమండి. బాబుగారు వచ్చేదాకా ఆగుదామండి."

"ఆగితే ఎల్లుండి చుట్టాల కార్లు ఎలా వస్తాయి? ఫంక్షన్ అయ్యాక ఇంకో ట్రాక్టరు తెప్పిస్తాను, అప్పుడు ఈ మట్టి తీసేసి ఇసక పోద్దువుగాని. ఆయనతో నేను చెబుతాలే."

నేను ఇదంతా కోపంగా అనలేదు. నా జన్మలో ఎవరి మీదా గొంతు ఎత్తలేదని ఊళ్లో పేరు కదా. మెల్లగా, బతిమాలినట్టే అన్నాను. పెద్దింటి ఆడమనిషి అలా బతిమాలితే కూలిపని చేసుకునేవాడు కాదనలేడని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"బాబుగారితో మీరు చెబుతారు కదండి?" అని ఇంకోసారి అడిగాడు.

"చెబుతాను."

మర్నాడు గొయ్యి పూడ్చి, పైన కంకర పరిచి సిమెంటు వేశారు. నేను ఇత్తడి చెంబు చింతపండుతో తోమి అరుగు మీద సిద్ధంగా పెట్టాను. మేస్త్రి పారా, తాపీ కడుక్కుని సంచిలో వేసుకున్నాడు. "చెంబు అడగలేదేం?" అన్నాను. "ఇవాళొద్దులెండి" అని నా మొహం చూడకుండా సైకిలెక్కాడు. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. చెంబు లోపల పెట్టేసి వడపప్పు నానబోశాను.

నీ ఆల్బమ్ తీసి చూడు. ఆకుపచ్చ ఓణీలో నువ్వు పీట మీద కూర్చున్న ఫొటోలో నీ పాదాల చుట్టూ తెల్లగా మెరిసేది ఆ ఇసకే. పందిరి ఎంత శుభ్రంగా ఉందో అని భీమవరం వాళ్లు మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను. తాతయ్య నల్లద్దాలు పెట్టుకుని ఫంక్షన్ పొద్దుటికి వచ్చారు. పందిట్లోది రేవు నుంచి తెప్పించిన ఇసకే అనుకున్నారు. సందట్లో నన్ను పక్కకి పిలిచి, "ఇసక సరిపోయిందా?" అన్నారు. చేతిలో గంధం గిన్నె ఉంది. "సరిపోయింది" అన్నాను. తరవాత చెబుదామనుకున్నాను. ఫంక్షన్ అయ్యాక ఆ ఇసక విస్తళ్ల కింద తొక్కుళ్లు పడి, పులుసు పడి, వాకిట్లోనే కలిసిపోయింది. రేవు మళ్లీ తెరిచారు. ఇంకో ట్రాక్టరు తెప్పించాలంటే ఎందుకో ఆయనతో చెప్పాలి. రేపు, రేపు అంటూ ఉండగానే కాలవలు వదిలేశారు.

తూరలోంచి మొదటి నీళ్లు చేలోకి దూకిన పొద్దుట తాతయ్య పంచె మోకాళ్లపైకి కట్టి గట్టు మీద చిన్నపిల్లాడిలా నిలబడ్డారు. "మేస్త్రి బంగారం" అన్నారు. మేస్త్రి అక్కడే ఉన్నాడు. నా వైపు చూశాడు. చెప్పారా అని అడిగిన చూపు అది. నేను నీళ్ల వైపు చూశాను.

వానలు పడ్డాయి. మట్టి పాయసం అయింది. పైన సిమెంటు బిళ్ల రెండుగా విరిగి, మధ్యలో మోకాలి లోతు పల్లం పడింది. ఒక పొద్దుట మనింటికి చేపలు తెచ్చే ఆవిడ మోపెడ్ మీద వస్తూ అందులో పడింది. కేక విని నేను వెళ్లేసరికి రోడ్డంతా చేపలు, కొన్ని ఇంకా తోక కొట్టుకుంటున్నాయి. ఆవిడ కుడి మణికట్టు పక్కకి తిరిగిపోయింది. ఎవరో ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపారు. తాతయ్య కబురు పెడితే మేస్త్రి సైకిల్ మీద వచ్చాడు. అప్పటికి పదిహేను మంది పోగయ్యారు. ఒకతను పారతో గుచ్చి చూపించాడు. అంతా బంకమట్టే.

ఎప్పుడూ "ఏమయ్యా మేస్త్రీ" అనే మీ తాతయ్య ఆ రోజు "ఏరా" అన్నారు.

"ఏరా, ట్రాక్టరు ఇసక దింపించి వెళ్లాను. ఏం చేశావు? అమ్ముకున్నావా?"

మేస్త్రి వంగి, పారకి అంటిన మట్టిని వేళ్లతో నలిపి చూశాడు.

"నిన్నేరా అడుగుతున్నది! నా కళ్లకి గంతలు కట్టిన వారం చూసుకుని ఇసక మింగేశావా?"

వెనకాల ఎవరో, "అందుకే ఆ రోజు చెంబు పెట్టలేదండి, ఆయ్" అన్నారు. కొందరు నవ్వారు.

మేస్త్రి అప్పుడు తలెత్తి ఒక్కసారి నన్ను చూశాడు. నేను ఆయనకి ఎంత దూరంలో ఉన్నానంటే, చెయ్యి చాస్తే అందేటంత. ఒక్క మాట చాలు. 'ఇసక నేనే వాడాను' అంటే మూడు మాటలు. నేను వంగి, కింద పడ్డ చేపల్ని ఒక్కొక్కటీ ఏరి తపేలాలో వెయ్యడం మొదలుపెట్టాను. నలుగురి ముందు ఎన్నడూ చేప ముట్టని దాన్ని. ఆ పొద్దుట అవి నాకు తల దించుకోవడానికి పనికొచ్చాయి.

"తప్పయిపోయిందండి" అన్నాడు మేస్త్రి. తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని మళ్లీ అన్నాడు, "తప్పయిపోయిందండి, బాబుగారూ."

ఆ తరవాత ఎవరూ ఆయన్ని తూర పనికి పిలవలేదు. ఇసక దొంగ అన్న పేరు ఊరూరా పాకింది. ఇల్లు కట్టుకునేవాళ్లు సైతం వేరే మనుషుల్ని తెచ్చుకున్నారు. నేను ఒక బస్తా బియ్యం, ఆవకాయ జాడీ వాళ్లింటికి పంపాను. మర్నాడు ఆయన భార్య ఖాళీ జాడీ కడిగి తెచ్చి అరుగు మీద పెట్టింది.

"మీరు పంపినవి మంచివేనండి. మాటేదైనా పంపుతారేమో అనుకున్నామండి" అంది.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఆ దీపావళికి వాళ్లు కడియం వెళ్లిపోయారు, అక్కడ నర్సరీలో పనికి.

తాతయ్య ఆ మాట మరిచిపోలేదు. కోపం తగ్గాక బాధ మొదలైంది. ఒకరోజు గట్టు మీద నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఆ మేస్త్రి అలాంటివాడు కాదనుకున్నానే. మనిషిని నమ్మాలంటే భయం వేస్తోంది" అన్నారు. నా చేతిలో తువ్వాలు ఉంది. అందించాను. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదని నాకు అప్పుడే తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది. "కాఫీ ఇమ్మంటారా?" అన్నాను. ఆయన పోయి మూడేళ్లయింది. మేస్త్రి దొంగ అనుకునే పోయారు. పదోరోజున మేస్త్రి కడియం నుంచి వచ్చి గేటు దగ్గర నిలబడి, దణ్ణం పెట్టి, లోపలికి రాకుండా వెళ్లిపోయాడు.

నువ్వు ఫోన్‌లో ఆ మాట అన్న మర్నాడే వెళ్లి ఆ తూర చూశాను. ఆ పల్లం మీద ఏటేటా కంకర పోసీ పోసీ గూని చేశారు, కింద తూరలు పక్కకి జరిగిపోయి నీళ్లు సగం కూడా రావడం లేదు. పంచాయతీలో అడిగి మళ్లీ తవ్వించుకోవడానికి ఒప్పించాను. ఆటో కట్టించుకుని కడియం వెళ్లాను.

మేస్త్రి ఆకుపచ్చ వల కింద గోనె మీద కూర్చుని, మొక్కల సంచుల్లో మట్టి నింపుతున్నాడు. పక్కన వరసగా వందల సంచులు. జుట్టు తెల్లబడింది. చెవి మీద పెన్సిలు లేదు. నన్ను చూసి లేచాడు, కుర్చీ కోసం వెతికాడు. నేను గోనె పక్కనే కూర్చున్నాను.

"తూరలు మళ్లీ వెయ్యాలి. నువ్వే రావాలి, బాబూ" అన్నాను.

"ఆ పని మానేశానండి."

"ఇసక ఎక్కడికి పోయిందో అందరి ముందూ చెబుతాను."

ఆయన రెండు సంచులు నింపాడు. పిడికిలితో మట్టి అదిమి పక్కన పెట్టాడు.

"ఎవరి ముందండి? బాబుగారు లేరు కదండి" అన్నాడు.

నేను ఒక ఖాళీ సంచి తీసి ఆయనకి అందించాను. మరో రెండు సంచులు నింపాక, తల వంచుకునే, "ఎప్పుడు తవ్వుతారండి?" అని అడిగాడు.

వైశాఖం ఎండల్లో, కాలవలు కట్టేసిన రెండో వారంలో జేసీబీ వచ్చింది. జనం వచ్చారు. సర్పంచి వచ్చారు. చేపలావిడ కూడా మోపెడ్ ఆపి నిలబడింది. ఆవిడ కుడిచెయ్యి ఇప్పటికీ పూర్తిగా తిరగదు. బంకమట్టి పైకి వస్తుంటే మేస్త్రి గట్టున కూర్చుని చూస్తున్నాడు. నేను ముందుకెళ్లి చెప్పాను. ఎవరూ ఇటు తిరగలేదు. జేసీబీ చప్పుడు. ఇంకోసారి చెప్పాను.

"ఏటండి అమ్మగోరూ, ఇనపళ్లేదు. గట్టిగా సెప్పండి" అంది చేపలావిడ. జేసీబీ అతనికి చెయ్యి ఊపి ఆపించింది.

డెబ్బై ఏళ్లుగా 'ఎంత మెల్లగా మాట్లాడుతుందో' అని మెప్పు పొందిన గొంతు అది. ఆ నిశ్శబ్దంలో నోరంతా తెరిచి అరిచాను. "ఆ రోజు ఇసక మేస్త్రి తియ్యలేదు. నేను తీసి మా పందిట్లో పోయించాను. మట్టి పొయ్యమన్నది నేను. ఆయన వద్దన్నాడు. మా ఆయనకి చెబుతానని మాటిచ్చి చెప్పలేదు."

సర్పంచి, "పోనీలెండి పిన్నిగారూ, ఎప్పుడో జరిగిపోయిన సంగతి" అన్నారు.

"మీకు పోద్దండి. సెయ్యి ఇరిగింది నాది" అంది చేపలావిడ. నా దగ్గరికి వచ్చి ఆ చెయ్యి నా మొహం ముందు అటూ ఇటూ తిప్పింది, తిరిగినంత మేరకే. "ఇన్నేళ్లూ ఈయన వల్లే అనుకున్నానండి. ఓసారి కడియం సంతలో ఈయన కనపడితే, కావాలనే పాడైన సేప అంటగట్టానండి."

మేస్త్రి గట్టు మీద నుంచి, "తెలిసిందమ్మా. పిల్లికేశాం, అదీ తినలేదు" అన్నాడు.

జనం నవ్వారు. ఆవిడా నవ్వి, వెంటనే కొంగుతో మొహం తుడుచుకుంది. నన్ను చూసి మాత్రం నవ్వలేదు. ఇప్పుడు మనింటికి చేపలు తేవడం మానేసింది. అడగడానికి నాకు మొహం లేదు.

ఈసారి ఇసక మొత్తం తూర మీదే పడింది. మేస్త్రి నాలుగు రోజులు దగ్గరుండి నీళ్లు కొట్టించాడు, మోకాళ్ల నొప్పితోనే దిమ్మిస పట్టాడు. ఆఖరి రోజు నేను ఇత్తడి చెంబు తోమి, అంచుదాకా నీళ్లు నింపి, కొంగు తడిసిపోతుంటే రోడ్డు దాకా మోసుకెళ్లాను. ఇసక తెచ్చిన ట్రాక్టరు ఇంకా అక్కడే ఉంది. జనం కూడా చెంబు కోసమే ఆగారు.

మేస్త్రి చెంబు అందుకోలేదు.

"ఇప్పుడొద్దండి అమ్మగారూ."

"ఎప్పుడూ పని అయిన రోజే పెట్టేవాడివి కదా, బాబూ?"

"అప్పుడు నాకు నామీద నమ్మకమండి" అన్నాడు. కోపంగా కాదు, రేపు వాన పడుతుందని చెప్పినట్టు. "ఒక వర్షాకాలం పోనివ్వండి. నిలబడితే అప్పుడు చూద్దామండి."

సైకిల్ లేదిప్పుడు. నడిచి బస్సు దగ్గరికి వెళ్లాడు. నీళ్ల చెంబుతో నేను రోడ్డు మధ్యలో ఉండిపోయాను. ట్రాక్టరు అతను, "పక్కకి రండి పిన్నిగారూ" అనేదాకా కదల్లేదు.

ఇది రాసే వేళకి వానలు మొదలయ్యాయి. చెంబు కిటికీలో బోర్లించి ఉంది. రోజూ పొద్దుటే గొడుగు వేసుకుని వెళ్లి తూర మీద నిలబడి చూసి వస్తున్నాను. ఇప్పటికి చదునుగానే ఉంది. మీరు దసరాకి వచ్చేటప్పుడు కొబ్బరితోట దగ్గర కారు ఎగరదు. తమ్ముడు సీటు పట్టుకుని ఎదురుచూస్తాడు, ముందే చెప్పు వాడికి. ఎందుకు ఎగరడం లేదని అడిగితే మేస్త్రి బాగు చేశాడని చెప్పు. అంతకుముందు ఎందుకు ఎగిరేదని అడిగితే, మీ అమ్మమ్మ వల్ల అని చెప్పు. లారీల మాట మాత్రం చెప్పకు.